రెండువేల చుట్లు

అల్లిపురంలో మా కొట్టు. బోర్డు మీద రివైండింగ్ అన్న మాటలో
రి ఎప్పుడో రాలిపోయింది.
తుఫాను దాటిన నాలుగోరోజు
జాలారిపేట నుంచి ఆటోలో వచ్చిందా మైకుసెట్టు,
కాలిన వార్నిష్ వాసనతో.

తెచ్చింది గరికిన దానయ్య. గొంతు పోయి
గుసగుసగా చెప్పాడు:
ఆ రాత్రి పడవల్ని వెనక్కి పిలుస్తున్నాడట.
గాలికి హారన్ తీగ తెగింది. చీకట్లో తెలీలేదట.
ఎవరూ పలక్కపోతే వాల్యూమ్ పెంచాడు.
ఇంకా పెంచాడు.

కోదండం మేస్త్రి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని
చేపని చూసినట్టు వాసన చూసి
"ప్రైమరీ పోయిందే" అన్నాడు.

నాకు మింగుడు పడలేదు.
తెగింది అవతల, కాలింది ఇవతలా?
సప్లై ఇచ్చేది నాలుగొందల వోల్టులే కదా?

బల్ల మీద అలాంటిదే ఇంకోటుంది. మీటరు పెట్టమన్నాడు.
మధ్య ట్యాపులో నాలుగొందలు.
ఈ చివర నాలుగొందలు, ఆ చివరా అంతే.
చివరకీ చివరకీ మధ్య
సున్నా.

"ఎవులూ మాటాడకపోతే ప్రైమరీకి వోల్టేజీయే లేదే పిల్లా.
ఇప్పుడు మైకులో ఏదోటి అను."

ఇంకేం తోచక
"ఇరవై ఎనిమిదో నంబరు బస్సు" అన్నాను.
స్కోపులో పచ్చగీత ఎగిరింది:
ఒక వాల్వు దగ్గర యాభైకి దిగినప్పుడు
రెండో వాల్వు దగ్గర ఏడొందల యాభై.
ఎవరిచ్చారు ఆ పైది?

"రేవులో చేపల కాటా సూడలేదేటి?
ఓ పళ్ళెం దిగితే రెండోది లేవదా?"

ఆ ఊపంతా
వంద చుట్ల సెకండరీలో ముప్పై అయిదు వోల్టులై
హారన్ పొరని కదుపుతుంది, నా బస్సు నంబరు
వీధి చివర టీకొట్టు దాకా వినబడుతుంది.

"హారన్ ఉంటే ఆ బరువు కాటాని పట్టుకుంటాది.
లేదనుకో..."
మిగతాది చెప్పలేదు. కాలిన ఇన్సులేషన్ కాగితం
వేళ్ళ మధ్య నలిపి చూపించాడు.
మసి.

రెండు రోజులుగా చుడుతున్నాను,
తలవెంట్రుక కన్నా కాస్త లావు రాగితీగ,
వరసకో కాగితం, వేలికి పసుపురంగు టేపు.
దానయ్య గుమ్మంలో కూచుని
నా లెక్క వింటున్నాడు, పెదాలు కదుపుతూ.

పడవలన్నీ వచ్చాయా అని
నోటిదాకా వచ్చింది.
అడగలేదు.

పదకొండువందల పదహారు దగ్గర
లెక్క తప్పింది.
తీగంతా విప్పాను.

ఒకటి.