మర్డో షెడ్డు

తాళం తీయగానే వాసన ఎదురొచ్చింది,
పాత ఇంటాయన ఇంకా లోపలే ఉన్నట్టు.
కిటికీ కింద మూడు డబ్బాలు.
లేబుళ్ళు నత్తలు తినేశాయి.
పుర్రె బొమ్మలో ఒక దవడ మిగిలింది.

"ఏముందే, కట్టెకు పూసే మందు.
వాగులో పారబొయ్యి, పీడా పోతుంది"
అన్నాడు పక్క పొలం డూగల్.
వాగు దిగువన ఈల్ చేపలకు వల వేసేది
హురియా మనవలు.
ఆ మాట పైకి అనలేదు. మూత బిగించాను.

కౌన్సిల్‌కు ఫోన్ చేశాను.
ఏం ద్రవం? తెలీదు.
ఎన్ని లీటర్లు? తెలీదు.
ఎవరిది?
అక్కడ కాసేపు నోరు పెగల్లేదు.
కొన్న కాగితాల్లో గొర్రెలున్నాయి, నీటి హక్కుంది,
విరిగిన ట్రాక్టరు కూడా ఉంది.
నాదే, అన్నాను.

ఏప్రిల్ రెండో శనివారం తెమ్మన్నారు.
ఇంకా నవంబరే.
పిల్లి మట్టి నింపిన తొట్టిలో డబ్బాలు నిలబెట్టి
చేతి తొడుగులు కూడా అక్కడే వదిలి
తలుపుకి ఎర్రగుడ్డ కట్టాను.

గోడ మీద పెన్సిలు రాత, మర్డో గిల్లాండర్స్‌ది:
"గుంజలు 412. నా తర్వాతా ఉంటాయి."

బయటికొచ్చాను.
ఒటాగో గాలికి తల వంచకుండా
కొండ మలుపు దాకా అన్నీ ఉన్నాయి.
ఒక్క పురుగూ ముట్టలేదు.
విరిగినదాన్ని పొయ్యిలో పెట్టకూడదట,
బూడిదా విషమేనట.

వంగి చూస్తే
ప్రతి గుంజ మొదట్లోనూ
గడ్డి, జానెడు దూరం జరిగి
మొలుస్తోంది.