రవాణా: రెండు వందలు

జీతం మీద పన్ను లేని దేశం ఇది.
ఉద్యోగమిచ్చిన రోజు
హెచ్చార్ మేడమ్ ఆ మాట మూడుసార్లు అంది,
పిల్లవాడికి చాక్లెట్ చూపించినట్టు.

నా పని జీతాల పట్టీ.
నూట ఎనభై ఆరు పేర్లు, పద్నాలుగు గళ్లు.
తొమ్మిదో గడిలో రవాణా భత్యం
రెండు వందల దిర్హాములు, కూడిక.
పన్నెండో గడిలో బస్సు ఖర్చు
రెండు వందల దిర్హాములు, తీసివేత.
నెలనెలా ఇరవై ఏడో తారీఖున
ఆ డబ్బును ఈ గడిలోంచి ఆ గడిలోకి నడిపిస్తాను.
అది మాత్రం ఎక్కడా ట్రాఫిక్‌లో ఆగదు.

నాకైతే కంపెనీయే మెట్రో కార్డు నింపుతుంది,
ఐదో గ్రేడు పైవాళ్లకు అట్లా రాసుంది.
ఏసీ పెట్టెలో నిలబడి
అద్దంలో మెడపట్టీ సర్దుకునేలోగా
జెబెల్ అలీ వచ్చేస్తుంది.

సజ్జా క్యాంపు ముందు తెల్ల బస్సు
మూడున్నరకే లైట్లు వేసుకుంటుంది.
ఒకసారి ఆడిట్ కోసం
తలలు లెక్కపెట్టమని నన్ను ఎక్కించారు.
కాంట్రాక్టరుకు తలకు నూట ముప్పై.
మిగిలిన డెబ్బై ఎక్కడ దిగిపోతుందో
నా పట్టీలో ఆ స్టాపు లేదు.

నిద్రపోయేవాళ్లను లెక్కపెట్టడం సులువు,
ఎవరూ కదలరు.
డ్రైవర్ జర్ఖాన్ రేడియో పెట్టడు, దగ్గు కూడా ఆపుకుంటాడు.
ప్రతి కిటికీ అద్దం మీదా
అరచేతంత కొబ్బరినూనె మచ్చ,
ఏ తల ఎక్కడ ఆనుతుందో
సీటు నంబరు చూడనక్కర్లేదు.
పోశెట్టి రంగు డబ్బా బోర్లించుకుని
నడవలో కూర్చునే గుర్రు పెడుతున్నాడు.
అతణ్ని కూడా రాసుకున్నాను: యాభై మూడు.

కడ్డీలు కట్టే లింబాద్రి,
ఆర్మూరు అవతలి మనిషి,
జీతం చీటీ టిఫిన్ మూతలో పెట్టుకుని
నా బల్ల దగ్గరకొచ్చాడు.
"సారూ, గీ రెండు వందలు ఇస్తున్రా, గుంజుతున్రా?"
"రెండూ."
"మరి నేను నడ్సుకుంట వస్తె?"
నేను నవ్వాను. అతను నవ్వలేదు.

శుక్రవారం నిజంగానే బయల్దేరాడట.
లారీల రోడ్డు పక్కన ఇసకలో ఏడు కిలోమీటర్లు.
ఆ తర్వాత ఫ్లైఓవర్.
రోడ్డుకు ఆరు వరసలున్నాయి, అంచు లేదు.
కాళ్లకు తోవ ఎక్కడా గీయలేదు.
పోలీసు జీపు మర్యాదగానే ఎక్కించుకుని
క్యాంపు గేటు దగ్గర దించింది.
"పైసలు అడగలే సారూ," అన్నాడు,
అదొక్కటే వింతైనట్టు.

తర్వాతి నెల మళ్లీ వచ్చాడు.
ఈసారి చీటీ తేలేదు.
"నాకొక లెక్క చేసి పెట్టు.
పోను గంటన్నర, రాను గంటన్నర.
నెలకు ఇరవయ్యారు రోజులు.
పదకొండేండ్లు."
మిషన్ మీద కొట్టాను.
పదివేల రెండొందల తొంభై ఆరు గంటలు.
రోజుల్లోకి మార్చమన్నాడు.
నాలుగొందల ఇరవై తొమ్మిది.

కాసేపు వేళ్లు ముడుస్తూ ఉన్నాడు.
"అంటే ఏడాది మీద రెండు నెలలు.
గా ఏడాది నేను ఊర్ల లేను.
ఈడ పన్ల లేను, జీతంల లేను.
ఏ దేశంల ఉన్నట్టు సారూ?"

బయట జర్ఖాన్ హారన్ కొట్టాడు.
చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే
ఉరికాడు లింబాద్రి.
ఆ బస్సు తప్పితే టాక్సీకి నూట పది.

ఆ నెల పట్టీలో
తొమ్మిదో గడి పక్కన ఇంకో గడి కలిపాను.
పైన ఏం రాయాలో తెలీక
ఖాళీగా ఉంచాను.
నూట ఎనభై ఆరు ఖాళీలు.
మేనేజరు ప్రింటు తీసి
ఇదేమిటన్నాడు.
కాగితం వెడల్పు చాలట్లేదన్నాడు.

తీసేశాను.
పదమూడో గడికి జరిగిన బస్సు ఖర్చు
మళ్లీ పన్నెండో గడిలోకొచ్చి కూర్చుంది.