చేబదులు

పిషారెల్లి గుంట దగ్గర
కుళ్ళిన కోడిగుడ్డు వాసన.
నిమ్మరసాన్ని మించిన పులుపు నీళ్ళు,
వేలు పెడితే బొబ్బలెక్కే వేడి.
రాతి చంకలో మాత్రం
నూగులా పచ్చగా ఏదో.
ఎర్సిలియా చెంచాతో గీకి
సీసాలో వేసుకుంది.

"ఒక్కటే కణం. అదే మొత్తం ప్రాణి.
దీని పెద్దలెవరో ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నాను.
పాషాణాన్ని బయటికి నెట్టేసే విద్య
ఆ పెద్దల్లో ఎవరికీ లేదు.
దీనికి తల్లి అంటే మాత్రం ఏముంది,
తనే పగిలి పిల్లలవడం."

మరి ఎక్కడిది?
పక్కనే ఉడుకుతున్న బాక్టీరియాది.
ఏదో ఒకటి చచ్చి, గోడ చిట్లి,
ఓ జన్యువు పోగు నీళ్ళలో తేలి ఉంటుంది.
ఆకలికి మింగిందో, అలవాటుగా లాక్కుందో,
అరక్కుండా మిగిలిపోయింది.
కోట్ల ఏళ్ళనాటి చేబదులు,
తిరిగివ్వలేదు,
దస్తూరీ మాత్రం ఇంకా ఇచ్చినవాడిదే.

పొరుగింటి పుల్లకూర రుచి అంటాం.
ఇక్కడ కూర కాదు,
ఆ పులుపులో బతికే కడుపే
పొరుగింటిది.

మూత బిగిస్తూ
ఉన్నట్టుండి తన సంగతి చెప్పింది.
పొజ్జువోలిలో నేల ఉబ్బిన ఏడాది,
రేవులో నీళ్ళు తగ్గి
పడవలు బురదలో ఒరిగిన ఏడాది,
గోడలు నెర్రెలిచ్చి జనం గుడారాల్లో పడుకుంటే
తను పది రోజుల పిల్ల.
భయానికి అమ్మ పాలు ఇంకిపోయాయి.
పక్క గుడారంలో చేపలమ్మే రకేలె
తన పిల్లాణ్ణి ఓ వైపు,
ఈ పిల్లని ఓ వైపు వేసుకుంది
నలభై రోజులు.

"మా ఇంట్లో వంశవృక్షం ఉంది,
నాన్న గీసింది, ఏడు తరాలు.
రకేలె అందులో లేదు.
ఆమె కోసం గీత అడ్డంగా గీయాలి.
నాన్నకి నిలువు గీతలే వచ్చు."

ప్రయోగశాలలో కూడా
ఓ చెట్టు బొమ్మ ఉందట.
ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకి
ఎర్ర దారాలు గుచ్చీ గుచ్చీ
ఇప్పుడది చెట్టులా లేదట,
రేవులో ఆరేసిన వలలా ఉందట.

కాళ్ళ కింద నేల
కొంచెం కదిలింది.
ఇద్దరం మాట్లాడలేదు.
అది సర్దుకున్నాక
సీసాని ఎండకి ఎత్తి చూసింది.
పేరుకి ఎర్ర నాచు.
ముదురు పచ్చగా,
అప్పు సంగతే ఎరగనట్టు.