సాక్షికి తెలియదు

ముప్పై ఒకటో ఏడు ఇది, నాంపల్లి క్రిమినల్ కోర్టులో
వేళ్లతో కూలి చేయడం.
ఎక్కువసార్లు కొట్టిన మాట
హత్య కాదు, దొంగతనం కాదు,
"నాకు తెలియదు."
కత్తి ఎవరిది? తెలియదు. సంతకం? తెలియదు.
ముందురోజు ఎవరో టీ తాగించి నేర్పిన తెలియదు,
భయానికి నాలుక మడతపడ్డ తెలియదు.

ఆబిడ్స్‌లో ఆదివారం, మూసిన షట్టర్ల ముందు
ముప్పై రూపాయలకు దొరికింది పుస్తకం.
ఏథెన్స్ అనే ఊళ్లో ఒక ముసలాయన మీద కేసు.
వకీలు లేడు. కాళ్లకు చెప్పులు కూడా లేవు.
తీర్పు చెప్పేవాళ్లు ఐదువందల మంది
(మా హాల్లో కుర్చీలు పదిహేడు, రెండు విరిగినవి).
ఏం శిక్ష కావాలో నువ్వే చెప్పమంటే
ఊరి ఖర్చుతో రోజూ భోజనం పెట్టమన్నాడట!
కోఠీ బస్సులో నిలబడి నవ్వాను, కండక్టరు వింతగా చూశాడు.
ఆయనా అన్నాడు, నాకు తెలియదని.
క్రాస్‌లో ఇంత తీరిగ్గా ఎవరూ అనగా నేను కొట్టలేదు.
చివరి పేజీలు చెదలు తిన్నాయి,
విషం గిన్నె దాకా నేను వెళ్లలేదు.
వాళ్లమ్మ మంత్రసాని అని మాత్రం ఉంది, ఒక మూల.

బుధవారం, పిల్లల తారుమారు కేసు.
పేట్లబుర్జు ఆస్పత్రి ఆయా అండాలమ్మ బోనెక్కింది,
కొయ్యకడ్డీని చెంగుతో తుడిచి మరీ పట్టుకుంది.
"ఏ బిడ్డ ఎవరి బిడ్డ?"
"నాకెర్క లేదు సారూ."
"వేల కాన్పులు చూశానంటివి, ఎరుక లేదా?"
రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది,
ఎవరివో అడిగి తెచ్చుకున్నట్టు.
"చేతులకెర్క. గా బిడ్డల మళ్ల నా చేతుల పెడితె... ఏమో.
ఎర్కున్నట్టు ఎట్ల చెప్పాలె?
రెండిండ్లల్ల తల్లులున్నరు."

హాలు ఊరుకుంది. ఫ్యాను ఊరుకోలేదు.
జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పారు,
నా వేళ్లు కొట్టాయి: సాక్షికి తెలియదు.
చేతులు రికార్డులోకి రాలేదు.
నా కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి,
ఏది ఎక్కడుందని అడిగితే నేనూ చెప్పలేను.

ఆమె బొటనవేలు నాలుగుసార్లు అద్దినా
కాగితం మీద నల్లటి మచ్చే పడింది.
డెట్టాలు నీళ్లకు గీతలన్నీ పోయాయట.
"ఏం రాసినవ్ కొడుకా?" అంది.
చదివి వినిపించాలి, అది నా డ్యూటీ.
"నువ్వు చెప్పిందే" అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గదిలో
నేనిచ్చిన సాక్ష్యం అదొక్కటే.