ఒక్క గీత

వాల్దివియాలో వాన మొదలైతే
ఎప్పుడు ఆగుతుందని ఎవరూ అడగరు.
ఐదు మెయిళ్లకు జవాబు లేదు.
ఆరోదానికి "సెలవులో ఉన్నాను" అని దానంతటదే వచ్చిన జవాబు,
దాన్నే రెండుసార్లు చదువుకున్నాను.
ఆ తర్వాత తడుస్తూ మూడోసారి వెళ్లి తలుపు తట్టాను.
మొదటి రెండుసార్లూ తట్టకుండానే తిరిగొచ్చాను కాబట్టి
నిజానికి అదే మొదలు.

డాక్టర్ ఒయార్సున్ తలెత్తలేదు.
మార్కుల కాగితం కోటు లోపల పొడిగా దాచి తెచ్చాను,
ఆవిడ అది అడగలేదు.
"ఓపిక ఉందా?" అంది.
ఉందన్నాను,
చూసుకుని చెప్పినట్టు.

ఆగస్టు అంతా సీసాలు కడిగాను.
ఆమ్లంతో ఒకసారి, శుద్ధజలంతో మూడుసార్లు.
చేపల అంగట్లో మా అన్న లౌతారో నవ్వాడు:
"ఇంట్లో గిన్నె ముట్టనిదానివి
యూనివర్సిటీ అంట్లు తోముతున్నావా?"
వాడి వెనక మెట్ల మీద సముద్ర సింహాలు
చేప తలకాయల కోసం అరుస్తున్నాయి.

సెప్టెంబరులో మైక్రోస్కోపు దగ్గర కూర్చోనిచ్చారు.
కొండల్లోని ఒక సరస్సు అడుగు బురద, గోరంత.
అందులో డయాటమ్‌లు, గాజు గుల్లలు తొడుక్కున్న నాచు:
కొన్ని పడవల్లా, కొన్ని పెసో బిళ్లల్లా,
ఒకటి అచ్చం మా అమ్మమ్మ వెండి చెవిపోగులా.
ఒక్కో స్లైడులో నాలుగు వందలు లెక్కపెట్టాలి.
రెండు వందల దగ్గర కళ్లు మండుతాయి.
మూడు వందల దగ్గర ఒక ఆలోచన వస్తుంది:
మిగిలిన వందా కాకి లెక్క వేసేస్తే
ఏ కాకి వచ్చి చెబుతుంది?

వేయలేదు. మంచిదాన్నని కాదు.
పక్క బల్ల దగ్గర ఎర్నాన్ ఉన్నాడు, అంతే.

తొమ్మిదో వారం తెలిసింది,
ఏడో నంబరు మూత పదకొండో సీసాకి పెట్టానని,
పదకొండోది ఏడుకి.
నా నోట్‌బుక్‌లో
ముత్తాతల కాలపు బురద వచ్చి
మునిమనవల బురద మీద కూర్చుంది.
పదహారు స్లైడులు. ఆరు వేల నాలుగు వందల గుల్లలు.

పేజీ చింపేద్దామని అంచు పట్టుకున్నాను.
చించకముందే
ఆ గదిలో ఆ చప్పుడు ఎంత పెద్దదో వినబడింది.

వెళ్లి చెప్పాను.
ఆవిడ తిట్టలేదు. ఓదార్చనూ లేదు.
స్కేలు అడిగి, నీలం పెన్నుతో
నా తప్పు మీద ఒక్క గీత గీసింది,
సన్నగా, కింది అంకెలు చదవగలిగేలా.
"కొట్టెయ్, పూడ్చెయ్యకు.
నీ వెనక వచ్చేవాళ్లకి
దారి ఎక్కడ తప్పావో కనబడాలి.
తేదీ వెయ్యి. సంతకం పెట్టు."

పెట్టాను: మియరాయ్ కయుకెయో.
ల్యాబు పుస్తకంలో నా పేరు
మొట్టమొదట పడింది అక్కడే,
ఒక తప్పు పక్కన.

ఇవాళ ఏడో సీసా మళ్లీ తెరిచాను.
ఒకటి.
రెండు.
చెవిపోగు.
నాలుగు.