చెవి పరీక్ష

సూర్యారావుపేటలో, మూడో అంతస్తులో,
అద్దం తలుపున్న ఇరుకు గదిలో కూర్చోబెట్టి
చెవులకి డబ్బాలు తగిలించింది ఆ అమ్మాయి.
చేతికో మీట ఇచ్చింది.
"శబ్దం వినపడగానే నొక్కండి బాబాయ్,
ఎంత సన్నగా వినపడినా సరే."

తలుపేసింది.

ఇరవై తొమ్మిదేళ్ళుగా
ఆటోనగర్‌లో లేత్ మిషన్ ముందు నిలబడ్డవాణ్ణి.
ఇనుము ఇనుముని గీకే చప్పుడు
నాకు అన్నంలో ఉప్పులాంటిది,
ఉన్నప్పుడు తెలీదు.

ముందు నాలుగైదు బాగానే వినపడ్డాయి.
కోడిపిల్ల.
తర్వాత దోమ.
తర్వాత దోమ వెళ్ళిపోయిన చోటు.
ఆ పైన ఏమీ లేదు.
అద్దం అవతల ఆ అమ్మాయి తల వంచుకుని ఏదో తిప్పుతోంది,
ఆమె వేలు కదిలినప్పుడల్లా నొక్కేశాను.
కాసేపటికి అదీ సిగ్గనిపించి
కళ్ళు మూసుకుని
ఉంటుందిలే అనుకుని నొక్కాను.

కాగితం మీద గీత చూపించింది,
ఇంద్రకీలాద్రి మెట్లలా దిగిపోయిన గీత.
"శబ్దం లేనప్పుడు కూడా నొక్కారు బాబాయ్," అని నవ్వింది.
జామకాయల దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా
చీటీ జేబులో కుక్కుకుని మెట్లు దిగాను.

నా పనిలో 'ఉంటుందిలే' కుదరదు.
షాఫ్టు కొలత వెంట్రుకంత తేడా వచ్చినా
బేరింగు ఎక్కదు,
ఎక్కినా నాలుగు నెలలకి
ఏ చిలకలూరిపేట దగ్గరో లారీ ఆగిపోతుంది,
డ్రైవరు రోడ్డు పక్కన కూర్చుని మమ్మల్నే తిడతాడు.
కంటితో కాదురా, కాలిపర్‌తో చూడమని
జిలానీకి రోజూ చెప్పేది నేనే.
మొన్న వాడు నా భుజం పట్టి వెనక్కి లాగాడు.
చొక్కా చెయ్యి తిరిగే చక్ దాకా వెళ్ళిందట.
వాడు కేకేసే ఉంటాడు,
రెండు మూడు సార్లు.

ఇంట్లో చెప్పలేదు.
కెజియా కనిపెట్టినట్టే ఉంది,
కూర బాగుందా అంటే రేపు చూద్దాం అన్నానట.
వాళ్ళమ్మ చెవిలో ఏదో అంది, ఇద్దరూ నవ్వారు.
నేనూ నవ్వాను,
ఒక క్షణం ఆలస్యంగా.

సువార్త నాలుగింటికే లేస్తుంది ప్రార్థనకి.
రాణిగారితోటలో మాది ఒకటే గది.
పెళ్ళైన కొత్తలో విసుక్కునేవాణ్ణి,
రెండో షిఫ్టు చేసొచ్చినవాణ్ణి పడుకోనివ్వవా అని.
గొంతు తగ్గించింది.
తగ్గించి తగ్గించి ఊపిరంత చేసింది.
నిద్ర పట్టని రోజు ఆ జాబితా వినేవాణ్ణి:
పిల్ల చదువు, తమ్ముడి తాగుడు,
ఎదురింటి మస్తానమ్మ మోకాలు,
కృష్ణ పొంగితే మా వీధి,
చివర్న నా పేరు.
అక్కడ కాసేపు ఆగేది.
ఆగి ఏం అడిగేదో ఎన్నడూ అడగలేదు.
నేను చర్చికి క్రిస్మస్‌కి వెళ్తాను, చావులకి వెళ్తాను.
మిగతా ఆదివారాలు ఆవిడే
నా వాటా కూడా మోసుకెళ్తుంది.

ఇవాళ తెల్లారుజామున మెలకువొచ్చింది.
ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు లేదు.
వారధి మీద లారీలు పోతున్నాయో లేదో.
చిన్న బల్బు కింద మోకాళ్ళ మీద సువార్త,
పెదాలు కదులుతున్నాయి.
ఒక్క ముక్క వినపడ్డం లేదు.
పెదాల్ని చూసి లెక్కపెట్టుకుంటూ వచ్చాను,
పిల్ల, తమ్ముడు, మోకాలు, వీధి.
ఆగింది.
నేనే అయ్యుండాలి.

దుప్పట్లో నా బొటనవేలు
లేని మీటని నొక్కింది.

లేచి స్టవ్వు దగ్గరికెళ్తూ నావైపు చూసి ఏదో అడిగింది.
టీ గురించే అయ్యుంటుంది.
ఊఁ అనబోయి ఆగాను.
"వినపడలేదు సువార్తా," అన్నాను.
"దగ్గరికొచ్చి చెప్పు."