ఖాళీ దర్వాజ

పరీక్ష కాగితం మీద పేరు: పెంటయ్య.
వయసు ఐదు నెలలు. ఊరు నెక్కొండ అవతల.
ఈ కాలంల ఇట్ల పేరు పెట్టేదెవరని
నవ్వబోయిన.
కిటికీ అవతల అమ్మమ్మ నిలబడి ఉంది.
"ముందు ఇద్దరు పోయిండ్రమ్మా.
గందుకే పెంట మీద పండబెట్టి,
చాటెడు తవుడుకు పక్కింటామెకు అమ్మి,
మళ్ల కొనుక్కున్నం.
రోత పేరైతె సావు ముట్టదంటరు."

నా పని లెక్కపెట్టుడు.
ఎంజీఎం వెనక గదిల, ఏసీ నీళ్లు బకెట్ల పడుతుంటె,
ఒక్కొక్క కణాన్ని లైను కట్టించి
నీలి వెలుగు ముందరికెల్లి నడిపిస్త.
తెర మీద చుక్కలు కురుస్తయి.
రంగు పట్టినవాటి చుట్టు ఒక గీత గీస్త.
మెషిన్ పుస్తకం దాన్ని గేట్ అంటది,
నేను దర్వాజ అంట.
లోపలికొచ్చినవే టీ కణాలు.

సమ్మయ్య దర్వాజ నాకు పదకొండేండ్లుగ తెలుసు.
లారీ మీద క్లీనరుగ పోయి డ్రైవరై వచ్చిండు.
మొదటిసారి నా ముందర కూసున్ననాడు నలభై మూడు.
నోరంత తెల్లపూత, నీళ్లు మింగితె కన్నీళ్లు.
ఇప్పుడు ఆర్నెల్లకోసారి
పదో తరగతి పిలగాని లెక్క అడుగుతడు:
"ఎన్నొచ్చినయి మేడం?"
ఐదొందల పన్నెండు.
"పాసేనా?"
పాసే, సమ్మన్న.
ఒక్క రాత్రి కూడ మర్వని గోళి
పోయినోళ్లను మళ్ల పిల్చుకొచ్చింది.

పెంటయ్య దర్వాజల ఎవ్వరు లేరు.

మెషిన్ తప్పనుకున్న. కడిగిన. మళ్ల నడిపిన.
నా చెయ్యి నేనే చాపి, నెత్తురు గుంజిపిచ్చి,
అది పోసి చూసిన:
గద్దెల కాడ జాతర జనం లెక్క చుక్కలు.
మళ్ల పిలగానిది.
అమాస.
పక్క మూలకు వేరే కణాలున్నయి గాని
వాటిని తట్టి లేపేటోళ్లు లేరు.

ఎక్స్‌రేల, గుండె పైన,
పసిపిల్లలకు తెరచాప లెక్క ఒక నీడ ఉండాలె.
డాక్టరు వేలు అక్కడికి పోయి ఆగింది.
భుజం మీద, మనందరికి మచ్చయిన టీకా
వానికి పుండయింది, చంకల గడ్డయింది.
దొంగ ఎట్లుంటడో గుర్తు చూపియ్యనీకి పంపిన సూక్ష్మజీవి
ఇల్లు ఖాళీ ఉందని కాపురం పెట్టింది.

"మీ ఇంట్ల ఇంకెవరికన్న..." అని డాక్టరు అడుగుతుంటెనే
అమ్మమ్మ వేళ్లు మడుస్తున్నది.
నా తమ్ముడు, ఏడాది నిండలే.
నా కొడుకు, తొట్లె దిగలే.
బిడ్డ కొడుకులు ఇద్దరు.
బాలారిష్టమన్నరు. చేతబడన్నరు.
బిడ్డ పాలే ఇషమన్నరు.
"ఆడోళ్లం ఒక్కలం సావలేదు సారూ,"
అని, దొంగతనం చేసినట్టు తల వంచుకుంది.

తప్పు కాదు పెద్దమ్మా.
రాతల ఒక్క అక్షరం.
మీ ఒంట్ల రెండు ప్రతులున్నయి,
ఒకటి చెరిగితె ఇంకోటి చదువుకుంటది.
మొగపిల్లగానికి ఒక్కటే ప్రతి.
ఇది డాక్టరు చెప్పాల్సిన మాట.
నేను గొట్టాల మీద పేర్లు రాసుకుంట కూసున్న.

పెంటయ్యకు ఏడేండ్ల అక్క ఉంది, అఖిల.
మూలుగ కలుస్తదో లేదో చూడాలె.
సూది చూసి ఏడ్వలే.
"నావి సగం వానికిస్తె నాకు తక్కువైతయా?"
కావు, మళ్ల పుడతయి.
"ఐతె అన్ని తీస్కో."

ఐస్ డబ్బ మూతకు టేపేసి
కాజీపేటల హైదరాబాదు రైలెక్కించిన.
వారం పడుతదన్నరు.
అప్పటిదాంక వాన్ని ఎవరు ముద్దు పెట్టుకోవద్దు.

సర్ది ముక్కులతోని చూడొచ్చిన చుట్టాలను
అమ్మమ్మ వార్డు కాడనే ఆపుతున్నది.
కొంగుతోని మూతి కట్టుకొని,
గడపకు అడ్డంగ కాళ్లు బార్ల చాపుకొని కూసుంది.
నర్సులు కూడ
దాటలేక తిడుతున్నరు.